మూడు కార్బొరేటర్లూ ఒక్క మాట మీద నిలబడాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. కాకినాడ నుంచి హోప్ ఐలాండ్, కోరింగ మడ అడవుల వైపు తిప్పే ఫైబర్ బోటు కోసం సెకండ్ హ్యాండ్‌లో 70 హార్స్‌పవర్ యమహా టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్, అంటే బోటు వెనక బయట తగిలించే ఇంజన్, కొన్నారు. మూడు సిలిండర్లు, మూడు కార్బొరేటర్లు. పొద్దున్నే చోక్ వేస్తే వెంటనే అందుకుంటుంది. వేడెక్కాక స్లోలో నిలవదు. గేరు వేయగానే ఆగిపోతుంది. ఒక్కోసారి కార్బొరేటర్ మూతిలోంచి తుమ్మినట్టు ఫట్‌మంటుంది. రేసు ఇస్తే మాత్రం బాగానే పరిగెడుతుంది. బైకులు చేసే మెకానిక్ మూడు కార్బొరేటర్లూ విప్పి, కడిగి, బిగించి, స్క్రూలు అటూ ఇటూ తిప్పాక ఇంకా పాడైంది. ఇప్పుడు ఆ స్క్రూలను ఎన్ని చుట్లకు పెట్టాలి అని అడిగారు.

సూటి జవాబు: మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఎన్ని చుట్లు ఉంటే అన్ని. ఈ తరహా ఇంజన్లకు మామూలుగా ఒకటి నుంచి ఒకటిన్నర చుట్టు మధ్యలో ఉంటుంది. అయితే ఆ అంకె పెట్టినంత మాత్రాన మీ బోటు బాగుపడుతుందని నేననుకోను. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఇంజన్లతోనే బతుకుతున్నాను. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మొదలుపెట్టాను, మధ్యలో కొన్నేళ్లు గల్ఫ్‌లో చేశాను. ‘ట్యూనింగ్ చేసి పెట్టండి’ అని నా దగ్గరికి వచ్చే ఇంజన్లలో చాలావాటికి అసలు జబ్బు వేరే చోట ఉంటుంది. స్క్రూ తిప్పడం అంటే కూర దించే ముందు ఉప్పు సరిచూసుకోవడం లాంటిది. కూర అడుగంటితే ఎంత ఉప్పు వేసినా బాగుపడదు కదండీ.

ముందుగా మీ మెకానిక్‌ని తిట్టకండి. బైకు కార్బొరేటర్ వేరు, ఇది వేరు. బైకులో స్లైడ్ పైకీ కిందికీ కదులుతుంది, దానికి నీడిల్, నీడిల్‌కి క్లిప్పు. ఆ క్లిప్పు ఒక గాడి మార్చితే మధ్య రేసులో మార్పు తెలుస్తుంది. మీ అవుట్‌బోర్డ్‌లో ఆ నీడిల్ ఉండదు. బటర్‌ఫ్లై, అంటే గుండ్రటి రేకు తలుపు, తెరుచుకుంటుంది. స్లోలో పెట్రోలు పైలట్ జెట్ నుంచి వస్తుంది. జెట్ అంటే సన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క. తలుపు కొంచెం తెరుచుకోగానే దాని అంచున ఉన్న సన్న రంధ్రాలు ఒకటొకటిగా పని అందుకుంటాయి. ఆ పైన మెయిన్ జెట్. మీరు తిప్పుతున్న పైలట్ స్క్రూ పెత్తనం ఆ మొదటి భాగం వరకే, మహా అయితే రెండో దాని మీద కాస్త. ఫుల్ రేసు మీద దానికి అధికారం లేదు.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పని కొత్తలో ఒకాయన ఇలాంటి మూడు సిలిండర్ల ఇంజన్ తెచ్చాడు, స్లోలో నిలవడం లేదని. పైపైన కడిగి, స్క్రూలు తిప్పి, గడియారంలా నడిచేలా చేశాను. ఆయన సంతోషపడి టీ కూడా తాగించాడు. మర్నాడు సముద్రంలో ఫుల్ రేసు మీద ఇరవై నిమిషాలు పోయాక ఇంజన్ ఆగిపోయింది. విప్పి చూస్తే కింది సిలిండర్ పిస్టన్ తలకి చిల్లు. ఆ కార్బొరేటర్ మెయిన్ జెట్‌లో సగం పాచి పట్టి ఉంది. స్లోలో ఆ జెట్‌తో పని లేదు కాబట్టి నా చెవికి ఏమీ తెలియలేదు. టూ స్ట్రోక్‌లో పెట్రోలు తగ్గితే మంట వేడి పెరగడమే కాదు, ఆయిలు కూడా పెట్రోలుతోనే వస్తుంది కాబట్టి ఆయిలూ తగ్గుతుంది. పిస్టన్, బోరు పని, కొత్త రింగులు అన్నీ నా జేబులోంచే పోయాయి. అందుకే మీరు ‘ఫుల్ రేసులో బాగానే పోతుంది’ అన్న మాటను కూడా నేను పూర్తిగా నమ్మను. మూడు సిలిండర్లలో ఒకటి పస్తున్నా మిగతా రెండూ దాన్ని ఈడ్చుకుపోతాయి. టాకోమీటర్, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతోందో చూపే మీటర్ ఉంటే, మామూలుగా ఎక్కించే బరువుతో ఫుల్ రేసులో ఎన్ని ఆర్‌పీఎం వస్తుందో చూసి, మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుతో పోల్చండి. అంతకన్నా బాగా తక్కువ వస్తుంటే సిలిండరో, ప్రొపెల్లరో తేల్చుకోవాలి.

ఇక మీరు చెప్పిన లక్షణాల్లోనే సగం జవాబు ఉంది. చోక్ ఉంటే నిలబడుతుంది, తీస్తే తుమ్ముతుంది. అంటే స్లోలో పెట్రోలు చాలడం లేదు. మిశ్రమం పలచనైతే మెల్లగా మండుతుంది. లోపలికి కొత్త గాలి వచ్చే దారి తెరుచుకునే వేళకి కూడా ఇంకా మండుతూనే ఉంటుంది. ఆ మంట వెనక్కి క్రాంక్ కేసులోకి (పిస్టన్ కింది గదిలోకి) పాకి, గాలిని లోపలికి పోనిచ్చే రేకు మూతలైన రీడ్ వాల్వుల మీదుగా కార్బొరేటర్ మూతిలోంచి ఫట్‌మంటుంది. అదే ఆ తుమ్ము. పెట్రోలు ఎక్కువైతే కథ వేరు. పొగ వస్తుంది, గుడగుడలాడుతుంది, ప్లగ్గులు తడిసిపోతాయి, రేసు ఇచ్చి ఊదితే కాసేపు తేరుకుని మళ్లీ మొదటికొస్తుంది. అనుమానం ఉంటే చిన్న పరీక్ష ఉంది. ఆగిపోబోతున్నప్పుడు చోక్ ఒక్క క్షణం నొక్కండి. తేరుకుంటే పెట్రోలు చాలడం లేదు, ఇంకా కుంటితే ఎక్కువైంది.

పెట్రోలు చాలకపోవడానికి కార్బొరేటర్ ఒక్కటే కారణం కాదు. అందుకని దాని జోలికి పోయే ముందు ఒక పూట వీటికి కేటాయించండి.

మొదట కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోంది అన్నది. ఇంజన్ వేడి మీద ఉండగా మూడు ప్లగ్గులూ తీసి, ప్లగ్గు తీగలను బాడీకి ఎర్త్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టండి. అంకె ఎంత అన్నదానికన్నా మూడింటి మధ్య తేడా ఎంత అన్నది ముఖ్యం. పది పదిహేను శాతం లోపు ఉంటే పని చేయించుకోవచ్చు. ఒకటి మిగతా రెండింటికన్నా బాగా పడిపోయిందంటే ఇక్కడే ఆగిపోండి, ఆ ఇంజన్‌ని ఏ ట్యూనింగూ కాపాడదు.

తర్వాత కరెంటు. ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు తీగ ఊడబెరికి గాల్లో వదిలేసే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. ఈ ఇంజన్లలో ప్లగ్గులకి కరెంటు పంపే సీడీఐ యూనిట్‌కి అది విషం. గ్యాప్ టెస్టర్ కొనుక్కోండి, ఒక్క పాడైన సీడీఐ ధరతో పోలిస్తే అది ఎంతో కాదు. ఒక్కో సిలిండర్‌ని టెస్టర్ ద్వారా ఎర్త్ చేసి ఆపి చూడండి. ఏ సిలిండర్ ఆపినా ఇంజన్ ఒకేలా తగ్గాలి. ఏది ఆపితే తేడా తెలియదో అదే పని చేయని సిలిండర్. మీకు వెతకాల్సిన కార్బొరేటర్ ఏదో కూడా దీంతో తెలిసిపోతుంది. ప్లగ్గులు బీ8హెచ్‌ఎస్-10 ఉంటే చివర ఉన్న ఆ 10 అంటే గ్యాప్ ఒక మిల్లీమీటర్ అని. బైకు ప్లగ్గు ఏదో పట్టింది కదా అని పెట్టేసి ఉంటే ముందు అది తీసేయండి.

ఇక పెట్రోలు వచ్చే దారి. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరవడం మరిచిపోయి ఇంజన్ విప్పించుకున్నవాళ్లు నాకు తెలుసు. చేత్తో పిసికే రబ్బరు బల్బుని ఇంజన్ వైపు కొస పైకి ఉండేలా నిటారుగా పట్టుకుని పిసికితే గట్టిపడాలి, అలాగే ఉండాలి. ఇంజన్ కుంటుతున్నప్పుడు ఎవరినైనా ఆ బల్బు పిసకమనండి. పిసికినంతసేపూ తేరుకుంటే తప్పు కార్బొరేటర్‌ది కాదు. ట్యాంకు నుంచి పంపు దాకా ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా పంపులోని పలచటి పొర (డయాఫ్రం) చిరిగింది. హోస్ కనెక్టర్‌లోని చిన్న రబ్బరు రింగు చాలా తరచుగా దొంగ అవుతుంది. పెట్రోలు బయటికి కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది.

పెట్రోలు గురించి ఇంకో మాట చెప్పాలి. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. అవుట్‌బోర్డ్ కంపెనీలు మామూలుగా 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. మీ ఇంజన్ వయసు చూస్తే అది మామూలు పెట్రోలు కోసం జెట్లు పెట్టిన రోజులది. ఒక కిలో మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 కిలోలు చాలు. అంటే అదే జెట్‌లోంచి అదే పెట్రోలు పోయినా మిశ్రమం కొంచెం పలచన. మీ ఇంజన్ తుమ్ముకి ఇదీ ఒక చేయి వేసి ఉండొచ్చు. దీనికి తోడు ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. సముద్రం గాలిలో సగం ఖాళీ ట్యాంకు చాలా రోజులు పడి ఉంటే నీరు ఇథనాల్‌తో కలిసి అడుగున వేరే పొరగా దిగొచ్చు. పైపు పీల్చేది అడుగు నుంచే, ఆ పొరలో ఆయిలు దాదాపు ఉండదు. ఒక గాజు సీసాలో ట్యాంకు అడుగు పెట్రోలు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి, తెల్లారేసరికి గీత కనిపిస్తే ఆ పెట్రోలు పారబోయాల్సిందే. పాత హోసులు కూడా ఇథనాల్‌కి లోపల మెత్తబడి పొట్టు రాలుస్తాయి. ఆ నల్ల పొట్టే మీ పైలట్ జెట్‌లో కూర్చుంటుంది. ముందు హోసులు మార్చకుండా కార్బొరేటర్ కడిగితే వారంలో మళ్లీ అదే పని.

ఆయిలు సంగతి కూడా తేల్చేద్దాం. బైకుల 2టీ ఆయిలు వద్దు, టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్నదే వాడండి. 50కి 1 కలపాలంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 24 లీటర్ల ట్యాంకుకి 480. ‘ఇంజన్‌కి మంచిదే కదా’ అని రెట్టింపు పోసేవాళ్లుంటారు. ఆయిలు పెరిగిన మేర జెట్‌లోంచి పోయే పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం ఇంకాస్త పలచనవుతుంది. మీది ఆయిలు దానంతట అదే కలుపుకునే మోడల్ అయితే ఆ పంపు లింకు కూడా థ్రాటిల్‌తోనే కదులుతుంది, దాన్ని గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ఇవన్నీ బాగుంటే ఇప్పుడు కార్బొరేటర్లు దింపండి. మీ మెకానిక్ ఒకే గిన్నెలో మూడింటి జెట్లూ వేసి కడిగి ఉంటాడని నా అనుమానం. చూడ్డానికి మూడు కార్బొరేటర్లూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ, కొన్ని మోడళ్లలో ఒక్కో సిలిండర్‌కి జెట్ సైజు, స్క్రూ చుట్లు వేరువేరుగా ఉంటాయి. జెట్ మీద సన్నగా అంకె చెక్కి ఉంటుంది. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదవండి, మాన్యువల్‌తో సరిపోల్చండి. మూడు పళ్లేలు పెట్టుకుని పైది, మధ్యది, కిందది అని రాసి, ఒకదాని సామాను ఇంకోదానిలో కలవకుండా చూసుకోండి.

కడగడం అంటే కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె తుడిచి స్ప్రే కొట్టడం కాదు. జెట్లు, ఎమల్షన్ ట్యూబు, పైలట్ స్క్రూ, స్ప్రింగ్ అన్నీ తీసేయాలి. స్క్రూ తీసే ముందు, మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆనిందో రాసుకోండి. గట్టిగా బిగిస్తే దాని మొనకి గాడి పడుతుంది, ఆ తర్వాత అది ఎన్ని చుట్లు పెట్టినా మాట వినదు. మీ స్క్రూల మొనలు భూతద్దంతో చూడండి, ఇప్పటికే గాడి ఉంటే కొత్తవి వేయాలి. బటర్‌ఫ్లై అంచున చెప్పానే, ఆ సన్న రంధ్రాలు, వాటి మీద చిన్న మూతో బిరడానో ఉంటుంది. చాలామంది అది తీయరు. జిగురు ఎక్కువగా పేరుకునేది అక్కడే. క్లీనర్ స్ప్రే ఒక రంధ్రంలో కొడితే రావాల్సిన ప్రతి రంధ్రంలోంచీ ధార రావాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ ధార సరిగ్గా కంట్లోకే వస్తుంది. జెట్టులో ఇనుప తీగ, సూది పెట్టొద్దు, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది. సన్న నైలాన్ పోగు, ఎయిర్ కంప్రెసర్ చాలు. గిన్నె అడుగున తెల్లటి పిండి కనిపిస్తే ఉప్పునీరు లోపలికి వెళ్లిందని అర్థం. అలాంటప్పుడు గిన్నెలోకి పెట్రోలు రాకను ఆపే నీడిల్ వాల్వు (ఇది బైకు స్లైడ్ నీడిల్ కాదు), దాని సీటు కూడా మార్చేయడం మేలు.

ఫ్లోట్, అంటే గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టం నిలిపే ముక్క, దాని ఎత్తు మూడింటిలో ఒకేలా ఉండాలి. కార్బొరేటర్ తలకిందులు చేసి, గాస్కెట్ తీసి, అంచు నుంచి ఫ్లోట్ దాకా కొలవండి. ఒక దాంట్లో మట్టం తక్కువైతే ఆ సిలిండర్ ఎప్పుడూ కాస్త ఆకలితోనే ఉంటుంది, మీరు దాని స్క్రూ ఎక్కువ తెరిచి సర్దుకుంటారు, ఎందుకో తెలియదు. బిగించేటప్పుడు పాత గాస్కెట్లు వాడొద్దు. కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య గాస్కెట్ దగ్గర గాలి పీలిస్తే లక్షణాలన్నీ మీరు చెప్పినట్టే ఉంటాయి.

ఇప్పుడు అసలు పని, చాలామంది వదిలేసే పని. మూడు తలుపులూ ఒకేసారి మూసుకోవాలి, ఒకేసారి తెరుచుకోవాలి. దీన్నే సింక్ చేయడం అంటాం. కార్బొరేటర్లు విప్పి బిగించాక ఇది చెదరకుండా ఉండడం అరుదు. స్లోలో తలుపు తెరుచుకునేది వెంట్రుకంత. ఒకటి మూసి, ఇంకోటి కొంచెం తెరిచి ఉంటే రెండు సిలిండర్లు నడుస్తాయి, మూడోది చూస్తూ ఉంటుంది. మీరు స్క్రూతో దాన్ని సరిచేయాలని చూస్తారు. సరికాదు.

ఇంజన్ ఆపి, గాలి పెట్టె విప్పి, మూడు మూతులూ కనిపించేలా పెట్టుకోండి. స్లో వేగాన్ని నిలిపే ఐడిల్ స్టాప్ స్క్రూని పూర్తిగా వెనక్కి తీయండి, అది తలుపుల్ని ఆపకూడదు. థ్రాటిల్ కేబుల్ లింకు ఊడదీయండి. మూడు తలుపుల్నీ కలిపే కడ్డీ మీద ఉన్న సింక్ స్క్రూలు లూజు చేయండి. ఇక్కడ జాగ్రత్త: కొన్ని మోడళ్లలో ఇవి ఎడమ మర. రావడం లేదని బలం పెట్టి తల విరగ్గొట్టినవాళ్లు ఉన్నారు, ఎటు తిరుగుతుందో ముందు చూసుకోండి. లూజు చేశాక ఒక్కో తలుపునీ వేలితో మెత్తగా నొక్కి పూర్తిగా మూసి ఉందని చూసుకుని స్క్రూ బిగించండి. కార్బొరేటర్లు దింపి బల్ల మీద ఉన్నప్పుడే చీకట్లో, అవతలి నుంచి టార్చ్ వేస్తే ఏ తలుపు చుట్టూ వెలుతురు ఎక్కువ వస్తుందో కనబడుతుంది.  తర్వాత కడ్డీని చేత్తో నెమ్మదిగా కదపండి. మూడూ ఒకే క్షణంలో కదలాలి. ఒక్కటి వెనకబడినా మళ్లీ మొదటి నుంచి. ఈ పని మీద గంట పోయినా నష్టం లేదు, నేను ఇప్పటికీ అంతే తీసుకుంటాను.

సింక్ అయ్యాక థ్రాటిల్ క్యామ్ (లివర్‌తో కదిలి తలుపుల్ని తెరిచే వంపు ముక్క), దాని మీద దొర్లే రోలర్. క్యామ్ మీద గీత ఉంటుంది. రోలర్ మధ్యభాగం ఆ గీతకి వచ్చే వేళకి తలుపులు సరిగ్గా కదలడం మొదలవ్వాలి. దీని వెనక లెక్క ఉంది. క్యామ్‌తో పాటు ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పు రాల్చే క్షణం కూడా ముందుకు జరుగుతుంది. తలుపులు ముందే తెరుచుకుంటే గాలి వచ్చేసి టైమింగ్ ఇంకా వెనకే ఉంటుంది. అప్పుడు గేరు వేసి రేసు ఇవ్వగానే ఒక్కసారి ఊపిరి ఆగినట్టవుతుంది. లివర్ చివరిదాకా నెట్టినప్పుడు తలుపులు పూర్తిగా పడుకోవాలి, దాటిపోకూడదు. ఆయిలు పంపు లింకు ఉంటే దాని గుర్తు కూడా ఇప్పుడే సరిచూడండి. టైమింగ్ లైటు ఉంటే టైమింగ్ కూడా మాన్యువల్ ప్రకారం చూడాలి. లేకపోతే ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లండి, అది అంచనాతో చేసే పని కాదు. (మీది ఫోర్ స్ట్రోక్ అయి ఉంటే ఈ సింక్ వాక్యూమ్ గేజులతో చేస్తారు, ఆ పద్ధతి వేరు.)

ఇంతవరకూ వచ్చాక స్క్రూ. ఇంటి దగ్గర నీటి పైపు తగిలించి, చెవులకి ఇంపుగా ఉందని సెట్ చేయకండి. ప్రొపెల్లర్‌కి నీటి బరువు ఉండాలి, ఎగ్జాస్ట్ నీటి అడుగున ఊదాలి. గట్టు మీద బంగారంలా నడిచిన ఇంజన్ నీళ్లలో గేరు వేయగానే చచ్చిపోయేది ఇందుకే. బోటుని జెట్టీకి ముందూ వెనకా బలమైన తాళ్లతో కట్టండి. వెనక నీళ్లలో ఎవరూ ఉండకూడదు. లాగగానే ఇంజన్‌ని ఆపే కిల్ స్విచ్ తాడు ఒకరి చేతికి ఉండాలి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి. బోటు అడుగున పెట్రోలు వాసన వస్తుంటే స్టార్ట్ చేయొద్దు.

స్క్రూలు మూడూ మెత్తగా ఆనే దాకా తిప్పి, అక్కడి నుంచి మాన్యువల్ చెప్పినన్ని చుట్లు బయటికి. ఈ యమహాల్లో స్క్రూ బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, లోపలికి తిప్పితే తగ్గుతుంది. వేరే కంపెనీల కొన్ని పాత ఇంజన్లలో అది గాలి స్క్రూ, అక్కడ అంతా తిరగబడుతుంది. ఇది చదివే మిగతావాళ్లు తమ ఇంజన్‌ది ఏ రకమో ముందు తెలుసుకోండి. పది నిమిషాలు నడిపి బాగా వేడెక్కనివ్వండి. ఇంజన్ వేడిని నిలిపే థర్మోస్టాట్ తీసేసి ఉంటే, మన దగ్గర చాలామంది తీసేస్తారు, కొత్తది వేయండి. చల్లటి ఇంజన్ స్లోలో ఎప్పటికీ కుదురుగా ఉండదు.

ఫార్వర్డ్ గేరులో వేసి స్లోలో ఉంచండి. పై కార్బొరేటర్‌తో మొదలుపెట్టి స్క్రూ అరపావు చుట్టు లోపలికి తిప్పండి, అంటే ఎనిమిదో వంతు. ఇరవై సెకన్లు ఆగండి. క్రాంక్ కేసులో పాత మిశ్రమం అయిపోయి కొత్తది రావడానికి ఆ సమయం పడుతుంది. ఆగకుండా తిప్పుకుంటూ పోయేవాడు ఎప్పుడూ రెండడుగులు దాటి పోతాడు. అలా తిప్పగా తిప్పగా ఆర్‌పీఎం పడుతుంది, లేదా తుమ్ముతుంది. ఆ చోటు గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు అలాగే అరపావు చొప్పున బయటికి, గుడగుడలాడి బరువెక్కే దాకా. ఈ రెండింటి మధ్య ఇంజన్ సుఖంగా ఉండే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ పెట్టి, ఇంకో అరపావు బయటికి తిప్పి వదిలేయండి. ఆ చివరి అరపావు నా పద్ధతి. చెవికి కొంచెం తక్కువ ఇంపుగా ఉంటుంది. అయినా అదే మంచిది, ఈ20 పోస్తున్నప్పుడు మరీను. ఇలాగే మధ్యది, కిందది. ఏ స్క్రూ ఎంత తిప్పినా ఇంజన్‌లో మార్పే లేదంటే ఆ కార్బొరేటర్ పైలట్ దారి ఇంకా మూసుకునే ఉంది. దాన్ని మళ్లీ దింపాల్సిందే, తప్పదు.

మూడూ అయ్యాక ఐడిల్ స్టాప్ స్క్రూతో న్యూట్రల్‌లో సుమారు 800 ఆర్‌పీఎంకి తెచ్చుకోండి, గేరు వేస్తే నూరూ నూటయాభై పడుతుంది. తర్వాత తాళ్లు విప్పి, ఖాళీ చోటికి పోయి, స్లో నుంచి ఒక్కసారిగా లివర్ తోయండి. తడబడితే మూడు స్క్రూలూ ఇంకో అరపావు బయటికి. చివరగా రెండు మూడు నిమిషాలు ఫుల్ రేసు మీద పోయి, స్లోకి రాకుండా అక్కడికక్కడే కిల్ స్విచ్‌తో ఆపి, ప్లగ్గులు తీసి చూడండి. మూడూ కాఫీ రంగులో, దాదాపు ఒకేలా ఉండాలి. ఒకటి తెల్లగా పాలిపోయి, దాని మీద మెరిసే సన్న చుక్కలుంటే అది కరుగుతున్న పిస్టన్ అల్యూమినియం. ఇంకో నిమిషం కూడా నడపకండి. నేను టీ తాగిన రోజు ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ పిస్టన్ బతికేది. మూడూ ఒకేలా పాలిపోయి ఉంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచే ఆలోచన చేయొచ్చు, అది కూడా శుభ్రమైన పెట్రోలుతో, సరైన ప్లగ్గులతో చూశాకే.

మీ దారి కోరింగ కాలువల్లోంచి కాబట్టి ఇంకో సంగతి. మడచెట్ల మధ్య గంటసేపు స్లోలో పోతే ఎంత బాగా ట్యూన్ చేసిన టూ స్ట్రోక్ అయినా ఆయిలు పేరుకుని ప్లగ్గులు తడుస్తాయి. అది కార్బొరేటర్ జబ్బు కాదు. ప్రతి పావుగంటకీ వెడల్పు చోట ఒక నిమిషం రేసు ఇచ్చి ఊదండి. స్లోలో మిస్ కొడుతోందని స్క్రూ లోపలికి బిగించుకున్నారంటే, మళ్లీ ఈ తుమ్ము దగ్గరికే వస్తారు. ఆటు పోటు చూసుకోకుండా లోపలికి పోయి బురద పీల్చుకుంటే చల్లబరిచే నీటిని తోడే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) అరుగుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, అప్పుడూ స్లో పాడవుతుంది. వెనక వచ్చే నీటి ధార మీద ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచండి.

నా అంచనా అడిగితే, మీ ఇంజన్‌లో ఒక కార్బొరేటర్ పైలట్ దారి మూసుకుపోయి ఉంది, లేదా జెట్లు తారుమారయ్యాయి. దానికి తోడు విప్పినప్పుడు సింక్ చెదిరింది. కంప్రెషన్ అంకెలు పై సిలిండర్ నుంచి వరుసగా రాయండి. ఏ సిలిండర్ ఆపితే తేడా రాలేదో చెప్పండి. మూడు ప్లగ్గుల ఫోటో కూడా పెట్టండి, కానీ వాటి వరుస మార్చకుండా. చూసి, ఏ కార్బొరేటర్ ముందు దింపాలో చెబుతాను.